పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఒకరి దగ్గర

పోయినవి ముందు రాస్తాను. మలేషియా విమానం టికెట్టు, రానూపోనూ ఇరవై రెండు వేల ఐదు వందలు. అక్కడ నేను పడుకోని గదిలో నా వంతు ఎనిమిది వేలు. ప్రయాణ బీమా ఏడు వందలు. చెన్నై రైలుకి రానూపోనూ పన్నెండు వందలు. తిరుగు టికెట్టు తేదీ కలవక జనరల్ పెట్టెలో వచ్చినందుకు ఇంకో నూట తొంభై ఐదు. పాస్‌పోర్టు రుసుము పదిహేను వందలు. చక్రాల పెట్టె రెండు వేల మూడు వందల యాభై. నేనే కుట్టుకున్న రెండు జతల చుడీదార్ల గుడ్డ పద్నాలుగు వందల ఎనభై. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊళ్ళో ఉండనని తిప్పి పంపిన జాకెట్లు ముప్పై ఒకటి, ఒక్కోటి రెండు వందల యాభై చొప్పున ఏడు వేల ఏడు వందల యాభై. మొత్తం నలభై ఐదు వేల ఆరు వందల డెబ్భై ఐదు. ఇవి కాక ఇద్దరు స్నేహితురాళ్ళు, పదిహేడేళ్ళు నా చేతిరాతతో నడిచిన ఒక లెక్కల పుస్తకం.

మాది తెనాలి. రెండు మిషన్లు పెట్టుకుని జాకెట్లు కుడతాను. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. మా నాన్న కలప అడితిలో దుంగలు కొలిచేవాడు. ఆయన చుట్టుకొలతా పొడవూ అరిచి చెబుతుంటే, పక్కన కూర్చుని ఘనపుటడుగులు కట్టడం నేర్చుకున్నాను. గుమాస్తా కాగితం మీద వేసేలోపు నేను నోటితో చెప్పేదాన్ని. నాకు వచ్చిన చదువు అదే.

పదిహేడేళ్ళ కిందట మా వీధిలో పదిమంది ఆడవాళ్ళం పొదుపు సంఘం పెట్టుకున్నాం. పుస్తకం నాకిచ్చారు. మొదటి రోజే నేనొక నియమం పెట్టాను. పుస్తకం రాసేవాళ్ళ దగ్గర డబ్బు ఉండకూడదు, డబ్బు ఉంచుకునేవాళ్ళు పుస్తకం ముట్టకూడదు. డబ్బు దాచే పని ఒకావిడ తీసుకుంది. తరవాత ఆవిడ బాపట్ల వెళ్ళి టిఫిన్ సెంటర్ పెట్టుకుంది. ఇంకొకావిడ రేపల్లెలో స్థిరపడి, అడవులదీవి వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకుంటోంది. అంగన్‌వాడీ టీచరు మా వీధిలోనే ఉంది. తక్కినవాళ్ళు మానేసినా మేం నలుగురం మానలేదు. నెలకొకసారి తెనాలిలో మా ఇంట్లో కలిసేవాళ్ళం. నేను రాసేదాన్ని, బాపట్లావిడ డబ్బు పట్టుకెళ్ళేది.

ఒకసారి బ్యాంకు నుంచి వచ్చినాయన నా పుస్తకం తిరగేసి, "ఎంతవరకు చదివారమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బాపట్లావిడ అందుకుంది.

"మా వదిన టెన్త్ ఫస్ట్ క్లాసండి. ఇంట్లో పంపలేదుగానీ, ఈపాటికి మీ కుర్చీలో కూర్చునేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుని తరవాత ఎన్నడూ దిద్దలేదు.

విదేశం వెళ్ళాలన్న కోరిక రేపల్లె ఆవిడది. "రోజూ సముద్రం సరుకు అమ్ముకోవటమేగాని, దాని అవతలేముందో ఎప్పుడు చూస్తామక్కా?" అంది. నెలకి తలా వెయ్యి చొప్పున అరవై ఆరు నెలలు వేశాం. మనిషికి అరవై ఆరు వేలు అయ్యింది. తెనాలిలో ఒక కుర్రాడు టికెట్లు, హోటలు కుదిర్చాడు. నా పాస్‌పోర్టు చూసి, మిగతా ముగ్గురూ టీ తాగుతున్నప్పుడు మెల్లగా చెప్పాడు.

"మీకు టెన్త్ సర్టిఫికెట్టు లేదు కదండీ, పాస్‌పోర్టులో ఆ గుర్తు ఉంటుంది. పనికోసం వెళుతున్నారేమోనని అక్కడ ఆపి అడుగుతారు. ఏం కాదండి. తిరుగు టికెట్టు, హోటలు కాగితం, ఖర్చులకి డబ్బు చూపించండి చాలు."

టికెట్టూ హోటలూ ఫోన్‌లో ఉన్నాయి. డబ్బు ఉంది కదా అనుకున్నాను. నలుగురి డబ్బూ ఒకేసారి మారిస్తే రేటు కాస్త నయమని నేనే లెక్క వేసి చూపించాను. మార్చిన నోట్లన్నీ బాపట్లావిడ నడుముకి కట్టుకున్న సంచిలో ఉన్నాయి. నా వంతు విడిగా ఇమ్మంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే పదో తరగతి మాట చెప్పాలి. పైగా పదిహేడేళ్ళుగా నేనే పట్టుబట్టిన నియమం. నా చేతిలో పుస్తకం ఉంటే డబ్బు ఉన్నట్టే అని అప్పటికి నాకు అలవాటైపోయింది.

తెనాలి స్టేషన్లో రైలెక్కేటప్పుడు పండగలా ఉంది. బాపట్లావిడ అరవై ఇడ్లీలు, కారప్పొడి తెచ్చింది. "మలేషియాలో మన ఇడ్లీ దొరకదంట, అందుకే ఇక్కడే తినేయండి" అంటుంది. టీచరు కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఫొటోలు తీసింది. "ఎండుచేపలు తేలేదా, పెట్టెలో పెట్టుకుంటే మనల్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు" అని రేపల్లె ఆవిడని ఏడిపించాం. ఆ రైల్లో నేను నవ్వినంత ఈ మధ్య ఎక్కడా నవ్వలేదు.

చెన్నై విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే చోట ముందు టీచరు, తరవాత రేపల్లె ఆవిడ, ఆ తరవాత బాపట్లావిడ ముద్ర వేయించుకుని అవతలికి వెళ్ళి నిలబడ్డారు. నా పాస్‌పోర్టు ఆఫీసరు రెండుసార్లు తిప్పి చూశాడు. తమిళం కలిసిన తెలుగులో అడిగాడు.

"టెన్త్ పాస్ కాలేదా అమ్మా?"

గొంతు పెద్దది. అవతల ముగ్గురూ తల తిప్పారు.

"లేదండి."

"ఏం పనికి పోతున్నారు?"

"పనికి కాదండి. చూడ్డానికండి. మేం నలుగురం."

టికెట్టు, హోటలు కాగితం ఫోన్‌లో చూసి సరే అన్నాడు. "ఖర్చులకి డబ్బు?"

"ఆవిడ దగ్గరుందండి. అందరిదీ."

"అందరిది కాదమ్మా. మీది."

నా దగ్గర మూడు వందల నలభై రూపాయలున్నాయి. బ్యాంకు ఖాతాలో పదకొండు వందల చిల్లర. సంచిలోంచి లెక్కల పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. నా వంతు రాసిన పేజీ తెరిచాను. అరవై ఆరు నెలలూ, నెలకో గడి, ఒక్క కొట్టివేత లేదు. ఆయన చదివాడు. వెటకారం చెయ్యలేదు.

"బాగా రాశారు. కాని పుస్తకంలో ఉంటే సరిపోదమ్మా."

పక్కన కుర్చీలో కూర్చోమన్నాడు. ఖాతాలో డబ్బు కనిపించినా చాలన్నాడు. బాపట్లావిడకి ఫోన్ చేశాను. ఇరవై అడుగుల దూరంలో నాకు కనిపిస్తూనే ఉంది.

"వదినా, ఒక ఇరవై వేలు నా ఖాతాలో వెయ్యి. చూపించి వచ్చేస్తాను."

"టెన్త్ కాలేదా వదినా? ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేంటి?"

"అది తరవాత మాట్లాడుకుందాం. ముందు డబ్బు వెయ్యి."

"వేస్తాలే. కాదంటానా? కానీ నిన్ను వదలకపోతే అదో తలనొప్పి. మా అల్లుణ్ణి ఒక మాట అడిగి చేస్తా."

వెనక నుంచి టీచరు గొంతు వినిపించింది. "ఇక్కడే నిలబడితే మనల్నీ వెనక్కి పిలుస్తారేమో. నడవండి నడవండి." నడిచారు. రేపల్లె ఆవిడ రెండుసార్లు వెనక్కి చూసింది.

నలభై నిమిషాలు కూర్చున్నాను. పదకొండుసార్లు ఫోన్ చేశాను. మొదటి మూడుసార్లూ మోగింది. తరవాత ఎంగేజ్. ఆ తరవాత స్విచాఫ్. ఆఫీసరు రెండుసార్లు నా వైపు చూసి, "ఇంకో పది నిమిషాలు చూద్దామమ్మా" అన్నాడు. ఆ రోజు నా పక్కన నిలబడ్డ మనిషి ఆయనొక్కడే. చివరికి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి బయటికి దారి చూపించాడు.

తెనాలి వచ్చాక ఆరు రోజులు షట్టర్ సగం దించుకుని కుట్టాను. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. ఫోన్‌లో వాళ్ళ ఫొటోలు వచ్చేవి. జంట మేడల ముందు ముగ్గురు, పడవలో ముగ్గురు, పనసపండులాంటిదేదో పట్టుకుని ముగ్గురు. ఒక దాని కింద బాపట్లావిడ "మిస్ యూ వదినా" అని రాసి ఏడుపు బొమ్మ పెట్టింది.

వాళ్ళు తిరిగొచ్చిన వారానికి మా ఇంటికి వచ్చారు. చాక్లెట్ల డబ్బా ఇచ్చారు. క్షమించమంటారేమో అనుకుని టీ పెట్టాను. బాపట్లావిడ వెంట వాళ్ళ అల్లుడు కూడా ఉన్నాడు. డిగ్రీ చదివినవాడు.

"పాత పుస్తకాలన్నీ ఒకసారి మావాడికి చూపించు వదినా. తప్పుగా అనుకోకు. చదువుకున్నవాడు చూస్తే అందరికీ మంచిది."

"పదిహేడేళ్ళలో ఎప్పుడైనా రూపాయి తేడా వచ్చిందా?"

"రాలేదు. కానీ టెన్త్ సంగతి కూడా రాలేదుగా" అంది టీచరు, టీ ఊదుకుంటూ.

పుస్తకాలు తొమ్మిది. అన్నీ ఇచ్చేశాను. ఆ అబ్బాయి పదిరోజులు పెట్టుకున్నాడు. మళ్ళీ అందరూ కూర్చున్నప్పుడు, "అంతా కరెక్టేనండి, పైసా తేడా లేదు" అన్నాడు. పాపం, అతనికి సిగ్గేసింది. నాకు తిరిగి రావలసినది కూడా కాగితం మీద లెక్క కట్టి తెచ్చాడు. అరవై ఆరు వేలలో టికెట్టు, గది తీసేసి ముప్పై ఐదు వేల ఐదు వందలు.

కాగితం చూశాను. బీమా ఏడు వందలు, రైలు పన్నెండు వందలు అతను మరిచిపోయాడు. అవి నా పేరున ఖర్చయినవే. పెన్ను తీసుకుని కొట్టేసి, ముప్పై మూడు వేల ఆరు వందలని రాశాను. నేను తినే డబ్బు కాదు అది.

బాపట్లావిడ ఆ కాగితం వైపు చూసి టీచరుతో అంది. "చూశావా? తన డబ్బు తనే తగ్గించుకుంటోంది. ఊరికే ఎవరు తగ్గించుకుంటారు? ఎక్కడో ఏదో ఉండే ఉంటుంది."

పదిహేడేళ్ళలో నాకు పడిన మార్కులు అవి. ఆ రోజు నుంచి పుస్తకం టీచరు రాస్తోంది. డబ్బు మాత్రం బాపట్లావిడ దగ్గరే ఉంది. నెలకొకసారి బాపట్లలో కలుస్తున్నారట. నన్ను పిలవరు. వీధిలో టీచరు ఎదురైతే ఫోన్ చెవికి పెట్టుకుంటుంది.

రెండు నెలలయ్యాక రేపల్లె ఆవిడ పొద్దుటి రైల్లో వచ్చింది. గుమ్మంలోనే నిలబడి కొంగు ముడి విప్పింది. నోట్లకి ఎండుచేపల వాసన.

"నీ వంతు డబ్బు అక్కడ ముగ్గురం ఖర్చుపెట్టేసుకున్నాం. ముప్పై మూడు వేల ఆరు వందల్లో నా మూడో వంతు, పదకొండు వేల రెండు వందలు. నువ్వు వేసిన లెక్కే అక్కా. ఆ రోజు ఫోన్ నాకూ ఉంది. డబ్బు నేనైనా వేసుండచ్చు. వాళ్ళు నడిస్తే నేనూ నడిచాను."

లోపలికి రమ్మన్నాను. రాలేదు. తిరుగు రైలుకి టైమవుతోందంది. ఆ రైలు ఇంకా గంటన్నరకి గాని లేదు. నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మిగతా ఇద్దరికీ మూడు నెలలకొకసారి ఫోన్‌లో అంకె పంపుతున్నాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడతాయి. వడ్డీ వెయ్యలేదు. వేస్తే వాళ్ళకి మాట దొరుకుతుంది. ఇవాళ్టికి నాకు రావలసింది ఇరవై రెండు వేల నాలుగు వందల రూపాయలు.