తీగ మీద చొక్కా

ఇరవై ఆరేళ్లుగా హరిప్రసాద్ చొక్కాలకు ఇంట్లో చోటు లేదు. బారిడీహ్ క్వార్టరు వెనక ఒక తీగ ఉంది. ఆస్పత్రి ల్యాబ్ నుంచి రాగానే చొక్కా విప్పి అక్కడే తగిలించాలి. భార్య దాలమ్మ పెట్టిన నియమం అది. ల్యాబ్‌లో వాడే జైలీన్ అనే రసాయనం వాసనకు ఆమెకు తల పగిలిపోయేది.

ఆపరేషన్‌లో తీసిన కండ ముక్క మొదట అతని చేతికే వస్తుంది. దానిలోని నీరు తీసేసి, జైలీన్‌లో నానబెడితే గాజులా తేటపడుతుంది. తర్వాత మైనం పట్టించి, పల్చటి పొరలు కోసి, గాజు స్లైడ్ల మీద పరిచి, మైక్రోస్కోపులో చూసే డాక్టర్ తనుశ్రీకి పంపుతాడు. ఏళ్ల తరబడి ఆ ఆవిరి పీల్చి అతని ముక్కు మొద్దుబారింది. తన వాసన తనకే తెలియదు.

రెండేళ్ల కిందట, మంచాన పడ్డ వదినను చూసుకోవడానికి దాలమ్మ ఊరికి అవతలి చివర బాగ్‌బేరాలో అన్న బలరామ్ ఇంటికి వెళ్లింది. వదిన ఇప్పుడు లేచి తిరుగుతోంది. దాలమ్మ తిరిగి రాలేదు. అడిగితే, "ఇక్కడ నాకు తలనొప్పి రాట్లేదు" అంది. అతను మళ్లీ అడగలేదు. చొక్కా మాత్రం ఇప్పటికీ తీగ మీదే తగిలిస్తాడు.

డిసెంబరులో తనుశ్రీ ఒక వ్యాసం చూపించింది. జైలీన్ బదులు కొబ్బరినూనె. రిపోర్టులు ఇచ్చేశాక మిగిలిన ముక్కలతో ముందు చేసి చూడమంది. హరిప్రసాద్ ఆ రోజే నూనె కొన్నాడు. ముక్కలు అందులో వేసి ఇంటికి వెళ్లాడు. పొద్దున జాడీ తెల్లగా గడ్డకట్టి ఉంది. ముక్కలు కనబడలేదు.

"ఔర్ ఏక్ బార్, హరిదా," అంది తనుశ్రీ. ఇంకొక్కసారే. కుదరకపోతే జైలీనే.

సాయంత్రం దాలమ్మకు ఫోన్ చేశాడు.

"కొబ్బరినూనె గడ్డకట్టీసింది."

అవతల నవ్వు. "సలికాలంలో గడ్డకట్టక మరిగిపోద్దేటి? ఇన్నేళ్లూ ఏడన్నం గిన్ని మూత మీదెట్టి నీ తలకి రాసినాను. సూళ్లేదా?"

"సూళ్లేదు."

"ఏటి సూసినావు నువ్వు?"

"ల్యాబ్‌లో మైనం కరిగించే పెట్టె పక్కన ఎడితేనో?"

"ఎచ్చగుంటే సాలు. ముక్కల్ని ఏపీకు."

ఈసారి ముక్కలు తేటపడ్డాయి. తనుశ్రీ పది స్లైడ్లు చూసింది. తర్వాత అన్నీ చూసింది. స్లైడ్ల మీది మైనం వదిలించడానికీ జైలీన్ అక్కర్లేకుండా వేడి సబ్బునీళ్లు సరిపోయాయి. జనవరిలో జైలీన్ సీసాలు గదిలోంచి వెళ్లిపోయాయి.

ఒక ఆదివారం, వారమంతా ల్యాబ్‌లో వేసుకున్న చొక్కాను సంచిలో పెట్టుకుని బాగ్‌బేరా వెళ్లాడు.

"సొక్కా ఉతికించుకోడానికి ఇంత దూరం వచ్చినావేటి బావా?" అన్నాడు బలరామ్.

దాలమ్మ చొక్కా అందుకుని కాలరు ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"కొబ్బరినూని వాసన."

"అంతేనా?"

"అంతే."

"మరింక తలనొప్పి రాదు కదా."

ఆమె చొక్కా మడిచి అతని చేతిలో పెట్టింది. "తలనొప్పి ఒక్కటే అనుకున్నావేటి?"

టీ ఇచ్చింది. తాగి వచ్చేశాడు.

ఆ రోజు చొక్కాను లోపల, మంచం పక్కన మేకుకు తగిలించాడు. ముక్కు ఆనించి చూశాడు. ఏమీ తెలియలేదు.

పొద్దున అలమరలో నూనె సీసా గడ్డకట్టి ఉంది. అన్నం వండి, గిన్నె మూత మీద సీసా పెట్టాడు. కరిగేదాకా పక్కనే నిలబడి చూశాడు.