లేని ఇంటర్నెట్టు ఉందని రాసిన బడి

ఆ గడిలో 'ఉంది' అని నొక్కింది నేనే. ఎవరినీ అనడానికి లేదు. మా బడి బోధన్ అవతల ఒక పల్లెలో. బడి లోపల ఫోను పనిచేయదు. రోడ్డు పక్కన, ఒకప్పుడు చెరుకు బండ్లు తూచిన పాత కాటా గద్దె ఒకటి ఉంది. దాని మీదికెక్కితే కాస్త సిగ్నల్ వస్తుంది. ఎండకు కొంగు తల మీద కప్పుకుని, ఆ గద్దె మీద కూర్చుని, నా సొంత ఫోన్‌లో నొక్కాను. 'మీ పాఠశాలలో ఇంటర్నెట్ సౌకర్యం ఉందా?' అన్నది ప్రశ్న. నిక్షేపంగా ఉందన్నాను.

ఏటా బడి వివరాలు ఇలా నింపి పంపాలి. నల్లా, కరెంటు, ప్రహరీ గోడ, మరుగుదొడ్డి, ఒక్కోదానికి ఉంది, లేదు అని రెండే జవాబులు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ నిజాలే రాసేదాన్ని. 'లేదు' అని రాసినప్పుడల్లా ఫోను మోగేది. ఎందుకు లేదు, ఎప్పటినుంచి లేదు, ముందే ఎందుకు చెప్పలేదు, ఒక ఫొటో పంపండి. లేనిదాని ఫొటో ఎలా తీయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు ఒక పెద్ద టీచరమ్మ నాకు విద్య నేర్పింది. "ఉందని కొట్టి పారెయ్యి బిడ్డా, పీడ పోతది." మా ఉద్యోగంలో ఈ విద్య రానివాళ్ళు తక్కువ. పైగా నా ఫోను బడి పనికే అరిగిపోతోంది, రీచార్జి నేనే చేయించుకుంటున్నాను, కాబట్టి ఉన్నట్టే కదా అని నా మనసుకు కూడా సర్దిచెప్పుకున్నాను.

బడిలో ఏడుగురు పిల్లలు, ఒక టీచరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్ళో చెరుకు పోయింది, చెరుకు వెంట మనుషులు పోయారు. కొందరు బోధన్‌లో దుకాణాలు పెట్టుకున్నారు, కొందరు దుబాయ్ విమానం ఎక్కారు. ఉన్నవాళ్ళు వరి వేసుకుని, పిల్లల్ని పసుపు రంగు బస్సెక్కించి ప్రైవేటు బడికి పంపుతున్నారు. నాకు మిగిలినవాళ్ళలో ఆరుగురు ముక్కు తుడవాల్సిన వయసువాళ్ళు. ఏడోది ఐదో తరగతి పిల్ల. ఐదో తరగతంటే ఆ పిల్ల ఒక్కతే. ప్రతి పాఠం చివర 'జట్లుగా కూర్చుని చర్చించండి' అని ఉంటుంది. "ఎవ్వలతోని టీచర్?" అని అడిగేది. నేను కుర్చీ దిగి ఎదురుగా కింద కూర్చునేదాన్ని. ఇద్దరం జట్టు. మేఘాలు ఎలా పుడతాయో, కోతికి ఎందుకు బుద్ధి వచ్చిందో గంటలకొద్దీ చర్చించుకునేవాళ్ళం. ఒకోసారి కొట్లాడుకునేవాళ్ళం కూడా. ఆ పిల్ల అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు.

నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో నేను మనిషిలా మాట్లాడేది ఆ కాసేపే. నిజామాబాద్‌లో ఇల్లు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇంట్లో నాతో మాట్లాడేది ఒక్క కుక్కరే, అదీ మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. ఆదివారాలు ఎవరితోనూ మాట్లాడక, సోమవారం పొద్దున బస్సులో కండక్టరుకు ఊరి పేరు చెప్పబోతే గొంతు పెగిలేది కాదు. పింఛను దగ్గరపడ్డదానివి, నిజామాబాద్ దగ్గరి బడికి మార్పించుకోరాదా అని తోటివాళ్ళు అనేవాళ్ళు. ఎందుకో అడగబుద్ధి కాలేదు.

దసరా సెలవులు అయ్యాక ఆ పిల్ల తండ్రి వచ్చాడు. రెండెకరాల వరి రైతు, నెమ్మదస్తుడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఏమనుకోకుండ్రి. పిల్ల టీసీ గావాలె. బోధన్‌ల ప్రైవేట్ బడోళ్ళు ఏడాది నడిమిట్ల గూడ తీస్కుంటమన్నరు."

సరిగ్గా ఆ వారమే ఒక కొత్త పథకం గురించి విన్నాను. బడికి లైను ప్రభుత్వమే వేయిస్తుంది, బిల్లూ ప్రభుత్వమే కడుతుంది. పెద్ద తెర ఒకటి ఇస్తారు. చుట్టుపక్కల చిన్న బడుల ఐదో తరగతి పిల్లలందరినీ ఆ తెర మీద కలిపి పాఠాలు చెబుతారు.

"తమ్మీ, రెండు నెల్లు ఆగు," అన్నాను. "మన బడికే నెట్టు వస్తది. నీ బిడ్డ అందరితోని కలిసి చదువుకుంటది. ఒంటిగ ఉండదు."

అతను కాసేపు తల గోక్కున్నాడు. "మీరు చెప్తుండ్రు గద. ఆగుతం," అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో నేను నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటావిడ అనుమానంగా చూసి కాస్త జరిగి కూర్చుంది.

నెల తిరిగాక మంజూరైన బడుల జాబితా వచ్చింది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను. మా బడి లేదు. మండల ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికి ఫోన్ చేశాను.

"మీ బడికి రాదు మేడం. నడుస్తున్న బడి అయ్యుండాలె, కరెంటు ఉండాలె, నెట్టు ముందే ఉండొద్దు. మీకు ఉంది గద మేడం!"

"ఏడుంది? నా బడిల ఫోనే మోగదు!"

"మీరే ఉందని పెట్టిండ్రు మేడం."

ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు, పాపం ఆమె ఏం చేసింది. పీడ పోతుందని నేర్పిన పెద్ద టీచరమ్మ మీద, ఆ విద్యను ఇరవై ఏళ్ళు ఆచరించిన నా మీద.

సెలవు పెట్టి నిజామాబాద్‌లో జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ ఒక గుమస్తా, పొట్టి చేతుల చొక్కా మనిషి, ఓపికగా అంతా విన్నాడు.

"మేడం, ఒక్కటి జెప్పుండ్రి. ఉన్న నెట్టు పోయిందా, లేక అసలే లేకుండెనా? పోయిందంటే లైను తీసేసినట్టు కాయిదం తేవాలె. లేకుండె అంటే, తప్పు రాసిన అని మీరే రాసియ్యాలె."

"లేని లైను తీసేసినట్టు ఎవరిస్తరు సార్ కాయిదం?"

"అందుకే అడుగుతున్న," అన్నాడు, నవ్వకుండా.

వరండాలో బల్ల మీద కూర్చుని రాశాను. నా పాఠశాలలో ఇంటర్నెట్ ఏనాడూ లేదు, ఉన్నదని నేను తప్పు సమాచారం ఇచ్చాను, ఇందుకు నాదే బాధ్యత. పిల్లల చేత ఎన్నోసార్లు ఇంపోజిషన్ రాయించాను, ఆ రోజు నా వంతు వచ్చింది. సంతకం పెట్టి ఇచ్చాను. గుమస్తా కాగితం తీసుకుని ముద్ర వేశాడు.

"మల్ల ఏడాది వివరాల్ల 'లేదు' అని వెట్టుండ్రి మేడం. అప్పుడు మీ బడి అర్హత లిస్టులకు వస్తది."

"మల్ల ఏడాదికి నా ఐదో తరగతి ఉండదు సార్."

అర్థంకాక నా ముఖం వైపు చూశాడు. వివరించే ఓపిక లేక వచ్చేశాను.

ఆ తండ్రికి ఈ సంగతి చెప్పలేదు. రెండు నెలల గడువు దాటిన మర్నాడు అతనే వచ్చాడు. నెట్టు సంగతి ఎత్తనైనా ఎత్తకుండా టీసీ అడిగాడు. టీసీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే చేయాలి, నేను పంపితే తప్ప అక్కడ చేర్చుకోరు. "ఇయ్యాల సిగ్నల్ లేదు తమ్మీ, రేపు రా," అన్నాను. సిగ్నల్ ఉంది. రెండో రోజూ అదే మాట చెప్పాను. ఇంకో పూట, ఇంకో పాఠం. దొంగతనం చేస్తున్నట్టే ఉండేది, అయినా చేశాను.

మూడో రోజు బిడ్డను కూడా బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. జేబులోంచి ఫోన్ తీసి రెండు చేతులతో నా ముందు పెట్టాడు.

"మీ ఫోను సతాయిస్తున్నట్టుంది టీచరమ్మా. నాది వేరే కంపెనిది, కాటా కాడ మంచిగ వస్తది. గిదాంతోని చెయ్యుండ్రి. మీరు ఊకె పరేషాన్ అవుతుండ్రు."

నన్ను తిట్టినా బాగుండేది. ముగ్గురం కాటా దగ్గరికి నడిచాం. గద్దె మీద కూర్చుని అతని ఫోన్‌తో చేస్తే పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. అతను బండి తిప్పుకోవడానికి పక్కకు వెళ్ళాడు. పిల్ల నా పక్కనే నిలబడి ఉంది.

"ఏమే, మీ బాపుకు రెండు నెల్లల్లనే మన బడి చేదయిందా?" అన్నాను. కోపం ఆపుకోలేకపోయాను.

"బాపు కాదు టీచర్. నేనే అడిగిన. దసరా అయినంక గూడ బాపును నేనే పంపిన."

"నువ్వా?"

"మ్. నీకు కోపం వస్తదని చెప్పలే. నువ్వు మంచిగనే చెప్తవ్ టీచర్. కానీ ఈడ నువ్వు ఒక్కదానివే ఉంటవ్."

ఆ పిల్ల ఒంటరిగా ఉందనే కదా ఆఫీసుల చుట్టూ తిరిగాను, తప్పు ఒప్పుకుని రాసిచ్చాను, అబద్ధమాడాను అనుకున్నాను. కాదు, అంతా నా కోసమే చేసుకున్నాను. తెర మీద పిల్లలు వస్తే ఆ పిల్ల ఉండిపోతుంది, ఆ పిల్ల ఉంటే నాకు మాట్లాడడానికి ఒక మనిషి ఉంటుంది. ఒంటరిదాన్ని నేనేనని పదేళ్ళ పిల్లకు తెలిసింది, నాకు తెలియలేదు.

"బస్సుల కిటికీ బయట చెయ్యి పెట్టకు," అన్నాను చివరికి. తలూపి, పరుగున వెళ్ళి తండ్రి వెనక ఎక్కి కూర్చుంది. ముఖమంతా సంతోషమే. బండి మలుపు తిరిగింది. బడి గుమ్మంలో ఆరుగురు చిన్నపిల్లలు నిలబడి నన్నే చూస్తున్నారు. లేవాలని తెలుసు. చాలాసేపు లేవలేకపోయాను.