అమ్మ పాట నంబరు

మా చర్చిలో పాటలను పేర్లతో అడిగేవారు కాదు, నంబర్లతోనే. ఆరాధన మొదలవగానే పాస్టరుగారు "పాట చెప్పండమ్మా" అనేవారు. ఆడవాళ్ల చాపల మీద నుంచి అందరికంటే ముందు అమ్మ గొంతు లేచేది: "రెండొందల పన్నెండు!" మిరపకోతలకు వెళ్లొచ్చి, ఎంత కడిగినా మంట తగ్గని చేతులతోనే తాళం వేసేది. అమ్మకు చదువు రాదు. బస్తాల మీద రాతలు చూసి అంకెలు మాత్రం పట్టేసింది. తాను పోయిన రోజు పాడాల్సింది ఆ పాటేనని ఊరందరికీ ముందే చెప్పిపెట్టుకుంది. ఆ మాట ఎత్తితే నాకు ఒళ్లు మండేది.

తర్వాత నేను బ్రాడీపేటలో పుస్తకాల పేజీలు కూర్చే పనిలో చేరాను. మా చర్చివాళ్లు పాటల పుస్తకం కొత్తగా వేయిస్తామంటే ఎగిరి గంతేశాను. ఒక్కో పాటను కంప్యూటరుకు అర్థమయ్యే ఎక్స్ఎంఎల్‌లో పెట్టి, ఇది పల్లవి, ఇది చరణం అని గుర్తులు తగిలించాను. ఆ గుర్తులు చూసుకుంటూ నంబర్లతో సహా విషయసూచిక తయారుచేయమని సూచనలిచ్చే స్టైల్‌షీట్ రాశాను. కొత్త పాటల్ని వాటి వాటి విభాగాల్లో చేర్చాను. మీట నొక్కగానే సూచిక తనే లెక్కపెట్టుకుని వరుసగా వచ్చేసింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అచ్చుకు వెళ్లేముందు ఒక ప్రతిని ఆదివారం చర్చికి పట్టుకెళ్లాను. అమ్మ అలవాటుగా తన నంబరు చెప్పింది. కొత్త పుస్తకం చూస్తున్న హార్మోనియం ఆయన పెళ్లిపాట ఎత్తుకున్నాడు. ఆడవాళ్లేమో ఎప్పటి పాటే, సమాధి దగ్గర పాడేది. కాసేపు రెండూ కలిసే సాగాయి. పాస్టరుగారు నవ్వాపుకోలేక తల దించుకున్నారు.

బయటికొచ్చాక అమ్మ నన్ను పట్టుకుంది.

"ఏమే, నేను పోయిన్నాడు నాకు పెళ్లిపాట పాడిస్తావా ఏంది?"

"కొత్త పాటలు ముందు చేరినయ్ గదమ్మా, వెనకవన్నీ జరిగినయ్. మెల్లగా అందరికీ అలవాటవుతయ్‌లే."

"ఈలోగా నేను పోతేనో? నా నంబరు నాకుండనీవే."

నవ్వుతూనే అంది గానీ కళ్లలో భయం ఉంది. ఈసారి నాకు ఒళ్లు మండలేదు, ఏడుపొచ్చింది.

మర్నాడు ఆఫీసుకెళ్లి స్టైల్‌షీట్‌లో లెక్కపెట్టే ముక్క తీసేశాను. ప్రతి పాత పాటలోనూ దాని నంబరు రాసి, సూచికలో దాన్నే చూపించమన్నాను. కొత్త పాటలన్నీ చివరికెళ్లి కూర్చున్నాయి.

"విభాగాలు కలగాపులగమయ్యాయి, అందంగా లేదండీ" అన్నాడు మా ఓనరు.

"మా ఊళ్లో ఇదే అందమండీ" అన్నాను.

ఇప్పుడు చర్చి గోడకు తెర ఉంది. పాటల మాటలు దాని మీదే వస్తాయి, నంబరు అడిగేవాళ్లు లేరు. ఆదివారం వెళ్లినప్పుడల్లా "పాట చెప్పండమ్మా" అన్న పిలుపు వినపడుతుందేమోనని చెవులు రిక్కిస్తాను.

అమ్మను సమాధుల తోటకు తీసుకెళ్లిన రోజు అక్కడ తెరా లేదు, హార్మోనియమూ లేదు. పక్కనే పత్తిచేలు. పాస్టరుగారు పుస్తకం తెరవబోయి నావైపు చూశారు. అమ్మతో కోతలకు వెళ్లే ఒకావిడ వెనక నుంచి "రెండొందల పన్నెండు" అంది. ఊరంతా ఒకే పాట ఎత్తుకుంది.