మూత తీసింది మా అన్న

బొంబాయి రేవు దగ్గర ఒక ఓడల కంపెనీ ఆఫీసులో లావుపాటి రిజిస్టరు ఉండేది. మా అన్న పనిచేసిన చిన్న సరుకు ఓడ కొలువు చరిత్రంతా అందులో రాశారు. ఏ రేవు నుంచి ఏ రేవుకు పోయింది, ఏ సరుకు మోసింది, ఎన్నిసార్లు ప్రమాదంలో పడింది, కారణం ఏమిటి. అరవైల మొదట్లో ఆ కారణాల గడిని నేను కళ్లారా చదివాను. ఇన్నేళ్లయినా గుర్తుకొస్తే ఒళ్లు మండుతుంది.

మాది దేవరకొండ పక్క పల్లె. ఎండాకాలం వస్తే బావిలో బొక్కెన అడుగు తాకే ఊరు. అన్న మట్టి పనికని బొంబాయి పోయి, అక్కడెవరో చెప్తే ఓడ ఎక్కాడు. బాయిలరులో బొగ్గు వేసే పని. ప్రయాణం ముగిశాక అతని నౌకరీ పుస్తకంలో నడవడిక ఎలా ఉందో ముద్ర వేసేవారు. మంచి ముద్ర ఉంటేనే మరో ఓడ ఎక్కనిచ్చేది. ఊరికి వచ్చినప్పుడల్లా ఆ పుస్తకాన్ని రుమాలులో చుట్టి తెచ్చి నాకు చూపించేవాడు. నేను అప్పటికే బడిపంతులును, ఇంగ్లీషు చదవగలను.

ఆ ఓడ ముచ్చట్లు వింటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఒకసారి కెప్టెను నిద్రపోతే ఇసుకదిబ్బ ఎక్కింది. ఒకసారి రేవు గోడను గుద్దింది. ఇంకోసారి చుక్కాని గొలుసు తెగి రెండు రోజులు దిక్కులేకుండా కొట్టుకుపోయింది. అడుగున తుప్పు తిన్న రేకు చిల్లిపడినప్పుడైతే ఉప్పు ఎక్కించుకుని బయలుదేరి ఉప్పునీళ్లు దింపింది.

అయిదోది నిప్పు. మా వైపు గడ్డివాము అంటుకుంటే నీళ్లకోసం ఎవరూ చూడరు, ఉంటే కదా. పంగలకర్రలతో వామును విప్పి, కాలే గడ్డిని పక్కకు లాగి మట్టి కొడతారు. అన్న చేతులకు తెలిసిన విద్య అదే. సరుకు గదిలో పత్తి బేళ్ల నుంచి పొగ వస్తుంటే, పైనున్న మూత పలకలు ఊడదీసి బేళ్లు లాగబోయాడు. ఓడ మీద మూత బిగించి మంటకు గాలి అందకుండా చేయాలట. అన్ని ఏళ్లలో ఒక్కరూ అతనికి ఆ మాట చెప్పలేదు. గాలి తగిలి మంట లేచింది. అన్నతో ఒకే కంచంలో తినే రత్నగిరి ఖలాసీ ఒకడు నీళ్ల గొట్టం పట్టుకుని లోపలికి దిగాడు. పైన పంపు ఎంత తిప్పినా చుక్క రాలేదు. అతను ఆ పొగలోనే పోయాడు.

అన్న పుస్తకాన్ని కంపెనీ తన దగ్గర పెట్టుకుని అతణ్ని ఊరికి పంపేసింది. నేను ఒక అర్జీ రాశాను, జవాబు రాలేదు. బడికి సెలవు పెట్టి, అన్నను వెంటబెట్టుకుని బొంబాయి పోయాను.

అక్కడి గుమాస్తా రిజిస్టరు మా ముందు తెరిచాడు. ఇసుకదిబ్బకు కారణం ప్రవాహం. రేవు గోడకు కారణం గాలి. గొలుసుకు కారణం సముద్రపు పోటు. చిల్లికి కారణం వాన. అయిదోదానికి మాత్రం కారణం మా అన్న, తండ్రి పేరుతో సహా. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నట్టుంది లెక్క. పంపు ఊసే లేదు. నేను గట్టిగా అరిచాను. గుమాస్తా లోపలికి పోయి, ఒక పెద్దమనిషిని తీసుకొచ్చాడు.

ఆ పెద్దమనిషి నవ్వుతూ టైపు చేసిన కాగితం నా చేతికిచ్చాడు. మూత తీసింది చనిపోయిన ఖలాసీయేననీ, పంపు బాగానే పనిచేసిందనీ అందులో ఉంది. అన్న సంతకం చేస్తే పుస్తకంలో మంచి ముద్ర వేస్తామన్నాడు. తప్పు చనిపోయినవాడిదే అయితే అతని ఇంటివాళ్లకు కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదు. అదీ వాళ్ల ఉపాయం. ఎంత నీచమో నాకు అర్థమైంది. అది తెలిసి కూడా కాగితాన్ని అన్నకు తెలుగులో చదివి వినిపించాను.

"ఇది అబద్ధం గదా తమ్మీ. మూత తీసింది నేను. పంపుల నీళ్లు రాలే" అన్నాడు అన్న.

"సంతకం పెట్టు. సచ్చినోనికి నౌకరీ పుస్తకమెందుకే?" అన్నాను.

అన్న నా వైపు తిరిగి, "వానికి పెండ్లం లేదా?" అన్నాడు. తర్వాత నా జేబులోంచి కలం తీసి నా చేతిలోనే పెట్టాడు. "గాళ్లకు తెలిసేటట్టు ఇంగ్లీషుల రాయి. మూత తీసింది నేనేనని రాయి. పంపు సంగతి గూడ రాయి."

ఆ కాగితం అడుగునే రాశాను. కింద అన్న, నిజాం కాలపు బడిలో నేర్చిన ఉర్దూలో సంతకం చేశాడు. పెద్దమనిషి నవ్వు ఆగిపోయింది. కాగితం చింపేసి, పుస్తకంలో చెడ్డ ముద్ర తానే వేసి బల్ల మీద విసిరాడు. ఆ ముద్ర చూశాక ఏ ఓడా అన్నను ఎక్కించుకోలేదు. అతను చివరిదాకా మా వైపు కడుతున్న డ్యాం పనిలో రాళ్లు మోశాడు. ఆ ఓడ మాత్రం అదే పంపుతో మళ్లీ సముద్రంలోకి పోయింది.

ఆ కంపెనీని నేను ఇప్పటికీ తిడతాను, ఎవరి ముందైనా తిడతాను. కానీ ఆ రోజు ఆఫీసులో, చనిపోయినవాడి మీదికి తప్పు తోసెయ్యమని నోరు తెరిచి అడిగింది మాత్రం నేను. అన్న ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నన్నూ ఏమీ అనలేదు. ఒక్కసారి చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.