ఉన్నికి ఎరుపు పట్టే వేళ

మొన్న జూబ్లీ హిల్స్‌లో ఒక గేటు ముందు వాచ్‌మన్ గొంగడి కప్పుకుని వానలో తడుస్తున్నాడు. దారి అడుగుదామని కారు అద్దం దించగానే తడి ఉన్ని వాసన లోపలికి వచ్చింది. కొంచెం గొర్రె వాసన, కొంచెం మట్టి వాసన. డ్రైవర్ ముఖం చిట్లించాడు. నాకు మాత్రం భ్రమరాంబగారి మేడ మీది రేకుల షెడ్డు కళ్ల ముందు నిలిచింది.

ఆమె సినిమాలకు దుస్తులు తయారుచేయించేవారు. పాతకాలపు కథకు శాలువాలో కంబళ్లో కావాలంటే ఫిల్మ్ నగర్‌లో ముందు ఆమెనే అడిగేవారు. రసాయనాల రంగు కెమెరా ముందు అరుస్తుందని ఆమె నమ్మకం. అందుకే దానిమ్మ తొక్కలు, మోదుగపూలు, మంజిష్ఠ వేళ్లతో ఉన్నికి రంగు వేయించేవారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఒంటి మీద ఎప్పుడూ తెల్లటి నేతచీరే, చేతులకు మాత్రం ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. యూసుఫ్‌గూడ నుంచి కుట్టుపనికి వెళ్లిన నన్ను, ఓపికున్న పిల్లనని చెప్పి రంగుగిన్నెల దగ్గర నిలబెట్టారు.

పటిక నీళ్లలో నానిన ఉన్నిని మంజిష్ఠ రసంలో ముంచి సన్నని మంట మీద ఉంచాలి. నీళ్లు మరిగి తెర్లాయంటే ఎరుపు చచ్చి మట్టిరంగు మిగులుతుంది. నేను కర్రతో మెల్లగా తిప్పుతుంటే ఆమె స్టూలు మీద కూర్చుని అడిగేవారు.

“ఎలా వచ్చిందే పద్మా?”

“ఎర్రగ అయ్యిందమ్మా.”

“ఎరుపులు బోలెడున్నాయి. దేని ఎరుపు?”

గిన్నె మీదికి వంగి చూసేదాన్ని. “గిప్పుడైతే ఇటుక లెక్క ఉంది. జర సేపైతే దానిమ్మ గింజ రంగుకొస్తది.”

ఆమె తృప్తిగా తల ఊపేవారు. నాకు పాఠం చెబుతున్నారనే అనుకున్నాను.

ఒక దర్శకుడు శాలువాలు చూడటానికి వచ్చిన రోజున అసలు సంగతి తెలిసింది. రాణి పాత్రకు ఎర్రది, చెలికత్తెకు ఆకుపచ్చది. “ఇది రాణీగారికండీ” అంటూ ఆమె ఆకుపచ్చ శాలువా ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన అయోమయంగా చూశాడు. “రెండూ ఒక్క తీరుగ మడత పెట్టిన సార్, నాదే తప్పు” అన్నాను.

భ్రమరాంబగారు చేయి చాచి నా భుజం పట్టుకున్నారు.

“నీదేం తప్పు లేదమ్మా. ఏమండీ, నాకు కళ్లు పోతున్నాయి. రంగులు ముందే పోయాయి. కొంతకాలంగా ఈ అమ్మాయి చూసి చెబుతుంటే నేను పని నడుపుతున్నాను. ఇలా మీకు సమ్మతమైతే చేస్తాం. కాదంటే ఇప్పుడే చెప్పేయండి.”

ఆయన కాఫీ పూర్తిచేసి, చాలా మర్యాదగా సెలవు తీసుకున్నాడు. పని ఇంకొకరికి ఇచ్చారని సాయంత్రం ఆ సినిమా మేనేజరు ఫోన్ చేశాడు.

నేను పొయ్యి ఆర్పబోయాను.

“మంజిష్ఠ వేళ్లు నానబెట్టాం కదే. పారబోస్తామా?” అన్నారామె.

ఎవరూ అడగని ఉన్నికి ఆ సాయంత్రం ఎరుపు పట్టించాం. నా చేతుల మీద చేతులు వేసి ఆమె కూడా కర్ర తిప్పారు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. ఆవిరికి కళ్లు మండుతున్నాయన్నారు. ఆవిరి అంత దూరం పోలేదు.

చూపు పూర్తిగా పోయాక కూడా ఆమె రోజూ షెడ్డులోకి వచ్చేవారు. ఉన్ని వేళ్లతో తడిమి ఉడుకు సరిపోయిందో లేదో చెప్పేవారు. రంగు నేను చెప్పేదాన్ని. చిన్న చిన్న పనులు మళ్లీ రావడం మొదలైంది, ఈసారి మా ఇద్దరినీ కలిపి అడుగుతూ.

చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద పడుకుని, కిటికీలోంచి ఏం కనిపిస్తోందని అడిగారు. వానకు నల్లబడిన బండరాళ్లు, ప్రహరీ మీద కాగితంపూలు, పక్క మేడ మీద ఆరేసిన దుప్పటి, దాని పసుపు నానిన శనగపప్పు పసుపని, అన్నీ చెప్పుకుంటూ పోయాను. కళ్లు మూసుకుని విన్నారు.

“చాలమ్మా” అన్నారు చివరికి. “ఇన్నాళ్లూ నాకోసం చూశావు. ఇక నీకోసం చూసుకో.”

ఆమె నిద్రపోయాక కూడా నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా చూడటం నాకు చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు. రంగుగిన్నె మీదికి వంగిన ప్రతిసారీ నా పెదవులు వాటంతట అవే కదులుతాయి.