ఫార్మసీ సీటుకు బాపు చేసిన బేరం

సీటు వచ్చేసింది! బి.ఫార్మసీ, నాందేడ్‌లో, అదీ పాత కాలేజీలో! ఫీజు కట్టిన రసీదు నా దగ్గరే ఉంది. దాని మీది సిరా నా బొటనవేలికి అంటుకుంది. పొద్దున పదకొండున్నర నుంచి ఆ వేలు తప్ప మిగతా చెయ్యి మాత్రమే కడుక్కుంటున్నాను.

మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి చూసినవాళ్లు లేరు. కిన్‌వట్ కాలేజీలో నేను బీయెస్సీ పాసయినప్పుడు మా బాపు, అంటే నాన్న, ఇస్లాపూర్ స్టేషన్లో నిలబడి, బండి దిగిన ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా చెప్పాడు. ఇప్పుడింక ఏం చేస్తాడో తెలియదు. ప్రస్తుతానికి తిరుగు బండిలో నా ఎదురుగా కూర్చుని, రెండు నిమిషాలకోసారి "రసీదు ఉన్నదా బిడ్డా?" అని అడుగుతున్నాడు.

సంతోషంలో కథ తలకిందులుగా మొదలుపెట్టాను. మా వైపు పిల్లలెవరైనా ఇదే పని మీద బయలుదేరితే పనికొస్తుంది కాబట్టి, టైములతో సహా మొదటి నుంచి రాస్తాను.

నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ నాందేడ్ నుంచే. ఒకటి కొత్తగా పెట్టిన ఫార్మసీ కాలేజీది: సోమవారం పదకొండింటికి రమ్మని. రెండోది పాత కాలేజీది: మంగళవారం పదింటికి. పాత కాలేజీలో ఖాళీ ఒక్కటే ఉంది, వెయిటింగ్ లిస్టులో నాది మూడో పేరు. అసలు సర్టిఫికెట్లు చేతిలో ఉంటేనే ఇంటర్వ్యూకు రానిస్తామని ఉత్తరం కింద ఎర్ర గీత గీసి మరీ రాశారు.

ఆ గీత చూసి బాపు సర్టిఫికెట్లన్నీ ఒక యూరియా సంచిలో చుట్టి, పైన నూలు తాడుతో కట్టాడు. ఆయన ఎడ్ల బేరగాడు. మాళేగావ్ జాతర నుంచి భోకర్ అంగడి దాకా ఆయనకు తెలియని ఎద్దు లేదు. ఆ తాడుకు వేసింది కూడా ఎద్దును కట్టే తలుగుకు వేసే ముడే. ఎంత గుంజితే అంత బిగుస్తుంది.

సోమవారం పొద్దున ఇస్లాపూర్‌లో బండి ఐదూ యాభైకి. ఆరున్నరకు వచ్చింది. మీరు ఐదూ యాభైకే వెళ్లండి, ఎందుకంటే మనం ఆలస్యంగా వెళ్లిన రోజు అది టైముకే వస్తుంది. టికెట్టు నాందేడ్ దాకా తీసుకోవచ్చు, కానీ ముద్‌ఖేడ్‌లో బండి మారాలి. కిటికీ పక్కన కూర్చుంటే ఇంజను బొగ్గు నలుసులు కళ్లలో పడతాయి. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు తెల్ల బట్టలు కట్టుకోకండి. నేను కట్టుకున్నాను.

ఎనిమిదింటికి భోకర్‌లో గంగాధర్ మామ ఎక్కాడు. మా అమ్మ తమ్ముడు. ఒక డాక్టరు దగ్గర చాలా ఏళ్లుగా కంపౌండరు. మందుల గురించి ఆయనకు తెలియనిది లేదు, కానీ సొంత దుకాణం పెట్టే హక్కు లేదు. గోడకు తగిలించడానికి చదువు కాగితం కావాలి కదా. ఆ కాగితం నాకొస్తే ఇస్లాపూర్‌లో మందుల దుకాణం పెట్టొచ్చన్నది మామ ఆలోచన. నాది కూడా అదే. అందుకని బండిలోనే నన్ను ఇంటర్వ్యూకు తయారు చేస్తానని వచ్చాడు.

"పద్మా, నేను సారును అనుకో. చెప్పు, ఒక చెంచా మందు అంటె ఎన్ని ఎమ్మెల్?"

"అయిదు మామా."

ఎదురుగా మాహూర్ రేణుకమ్మ దర్శనం చేసుకొని నిజామాబాద్ పోతున్న ఒక ముసలమ్మ కూర్చుంది. నుదుటి నిండా కుంకుమ. ఆమె ఊరుకోలేదు.

"ఏ చెంచ బిడ్డా? మా ఇంట్ల చెంచతోని రెండుసార్లు తాగితె సీస ఒడుస్తది."

"పప్పు చెంచ కాదవ్వా, మందు చెంచ" అన్నాడు మామ.

"మందుకు వేరె చెంచ ఉంటదా? గంత ఉన్నోళ్లకు రోగమెందుకు అస్తది?"

పెట్టె అంతా నవ్వింది. దాంతో మామ కంపౌండరని అందరికీ తెలిసిపోయింది. ఒకాయన మోకాలు చూపించాడు. పత్తి చేను ఆసామి నోరు తెరిచి మరాఠీలో పన్ను కథ మొదలుపెట్టాడు. ఒక పెద్దమనిషి "భాయ్, మేరేకు రాత్‌కు నీంద్ నై ఆతీ" అని, తనకు రాత్రిళ్లు నిద్రే పట్టదని, అంటూ అంటూనే నా భుజం మీదికి వాలి గురక పెట్టాడు. ముద్‌ఖేడ్ చేరేసరికి మామకు ఆరుగురు రోగులు తేలారు. నా తయారీ మాత్రం ఆ ఒక్క చెంచా దగ్గరే ఆగింది.

తొమ్మిదీ ముప్పావుకు నాందేడ్. స్టేషన్ బయట పోహే, అదే అటుకుల ఉప్మా, చాయ్. బాగుంటాయి, కానీ పోహే మీద పచ్చిమిర్చి మనం తినేది కాదు, మనల్ని తినేది. పదిన్నరకు రిక్షాలో కొత్త కాలేజీ చేరాం. గులాబీ రంగు మేడ, కింద విత్తనాల గోదాము, పైన కాలేజీ. గేటు దగ్గర మనిషి మాకు సలాం కొట్టాడు. మా జన్మలో మొదటి సలాం. మామ పొంగిపోయాడు. బాపుకు మాత్రం అనుమానం వచ్చింది.

"గింత మర్యాద అంగట్ల ఎవడు జేస్తడో ఎరికేనా? కుంటెద్దును అమ్మేటోడు."

నా ఇంటర్వ్యూ మూడు నిమిషాలు. పేరు, మార్కులు, మీకు భూమి ఎంత? అంతే. చెంచా ఊసే లేదు. తర్వాత ల్యాబ్ చూపించారు. సీసాలన్నీ వరసగా తళతళలాడుతున్నాయి. నాకు కళ్లు చెదిరాయి. బాపు చేతులు వెనక్కి కట్టుకుని, ఎద్దు చుట్టూ తిరిగినట్టు బల్లల చుట్టూ తిరిగాడు. ఒక సీసా ఎత్తి మూత చూశాడు. సీలు తీయలేదు. ఇంకోటి చూశాడు. అదీ అంతే. తూకం తక్కెడ అద్దాల పెట్టెకు అంటించిన కాగితం కూడా అలాగే ఉంది.

"బిడ్డా, కాడి గట్టని ఎద్దు మెడ గిట్లనే నున్నగుంటది" అన్నాడు.

ఆఫీసులో గుమస్తా మరాఠీలో తియ్యగా మాట్లాడాడు. సీటు ఖాయం, అసలు సర్టిఫికెట్లు ఇప్పుడే ఇచ్చేయండి, అవి ఏడాది చివరిదాకా మా దగ్గరే ఉంటాయి అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, భవనం నిధికి కూడా కొంచెం చూడాలి కాకా అన్నాడు.

గొంతు తగ్గడం వినగానే బాపు చెయ్యి తనంతట తానే కదిలింది. అంగట్లో ఎడ్ల ధర పైకి చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టుకుని మాట్లాడుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఇద్దరికే తెలుస్తుంది. బాపు భుజం మీది తువ్వాల తీసి, గుమస్తా చేతి మీద కప్పి, లోపల ఆయన వేళ్లు రెండు గట్టిగా పట్టుకున్నాడు.

"అహో కాకా! హే కాయ్ కర్తా?" ఇదేం పనంటూ గుమస్తా కుర్చీలోంచి లేచాడు. వేళ్లు బాపు దగ్గరే ఉండిపోవడం వల్ల మళ్లీ కూర్చున్నాడు.

"పరేషాన్ గాకుండ్రి సాబ్. ధర మీరే జెప్పిన్రు గద చిన్నగ. నేను గూడ చిన్నగనె జెప్తున్న."

వెనకాల వరసలో ఉన్నవాళ్లు మెడలు సాచారు. నేను గోడ మీది క్యాలెండరులో మొహం పెట్టాను. గుమస్తా వేళ్లు విడిపించుకుని, సాయంత్రం ఐదింటిలోపు సర్టిఫికెట్లు ఇవ్వకపోతే సీటు వేరేవాళ్లకు పోతుందన్నాడు. ఈసారి అందులో తీపి లేదు.

మామ యూరియా సంచి మీద చెయ్యి వేశాడు. బాపు సంచిని చంకలోకి లాక్కున్నాడు.

"తలుగు చేతికిచ్చినంక ఇగ ఎద్దును ఏం జూస్తవ్ గంగాధరూ? రెండోదాన్ని గూడ జూసినంకనె."

ఒంటిగంటకు పాత కాలేజీ చూడటానికి నడిచాం. గోడలకు సున్నం రాలుతోంది. సలాం కొట్టేవాడు లేడు. పైగా ప్యూన్ మమ్మల్ని కసిరాడు. కానీ బాపు ఎలాగో ల్యాబ్ గుమ్మం దాకా దూరాడు. బల్లల మీద యాసిడ్ మచ్చలు. తక్కెడ పళ్లేలు వాడి వాడి అద్దంలా మెరుస్తున్నాయి. ఒక పిల్ల కాలిన తెల్లకోటు వేసుకుని, కల్వంలో ఏదో నూరుతూ పక్కపిల్లను తిడుతోంది.

"గిదీ!" అన్నాడు బాపు. "మెడ మీద కాయ గాసిన ఎద్దు. నడుస్తది."

"బావా, నడిచేది ఎద్దు. మనకు గావాల్సింది సీటు. ఖాళీ ఒక్కటి, మన పిల్ల మూడోది. చేతికచ్చింది ఇడిసిపెడ్తవా?" అన్నాడు మామ. ఆయన జీవితమంతా ఆ కాగితం లేకపోవడంతోనే గడిచింది.

బాపు నావైపు తిరిగాడు. "చదివేది నువ్వు. నువ్వే జెప్పు."

ఇది మాత్రం అనుకోలేదు. బీయెస్సీ మూడేళ్లలో ఇంత కష్టమైన ప్రశ్న రాలేదు. కొత్త కాలేజీకి పోతే సీటు ఖాయం, కానీ సీలు తీయని సీసాల మధ్య నాలుగేళ్లు. ఇక్కడికొస్తే రేపు పొద్దున వట్టి చేతులతో ఇంటికి పోవచ్చు. ఆ తెల్లకోటు పిల్ల అప్పటికీ తిడుతూనే ఉంది, నూరుతూనే ఉంది. "ఈడనే" అన్నాను.

ఐదు గంటలు కొట్టినప్పుడు మేం గోదావరి ఒడ్డున ఉన్నాం. మామ మా ఇద్దరితోనూ మాట్లాడటం మానేసి ఒక మేకతో మాట్లాడుతున్నాడు. ఊళ్లో దిగడానికి గురుద్వారా సత్రం మేలు. తల మీద గుడ్డ కప్పుకోవాలి, చెప్పులు జాగ్రత్తగా అప్పగించాలి. లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, రొట్టె, పప్పు అడిగినంత వడ్డిస్తారు. ఏడింటికి పంక్తిలో కూర్చున్నాం. బెంగతో నాకు ఆకలి లేదనుకున్నాను. ఆరో రొట్టె దగ్గర మామే నోరు విప్పాడు: "ఇగ చాలు, రేపు ఇంటర్వ్యూల పండుకుంటవ్."

మంగళవారం తొమ్మిదింటికే పాత కాలేజీ వరండాలో ఉన్నాం. పదింటికి ప్యూన్ మొదటి పేరు పిలిచాడు. పర్భణీ అబ్బాయి. అసలు సర్టిఫికెట్లు? నిన్న కొత్త కాలేజీలో ఇచ్చేశాడట. అక్కడ ఎలాగూ సీటుంది, ఇక్కడ కూడా అదృష్టం చూద్దామని వచ్చాడట. రెండో అమ్మాయిదీ అదే కథ. ఇద్దరినీ పక్కకు నిలబెట్టారు.

"పద్మా పోశెట్టి!"

మామ బాపు చెయ్యి పట్టుకున్నాడు. బాపు సంచి తీశాడు. ముడి రాలేదు. గోళ్లతో పీకాడు. ఇంకా బిగిసింది. ప్యూన్ గడియారం చూశాడు. మామ జేబులోంచి చిన్న బ్లేడు తీశాడు.

"తలుగు కోస్తె అశుభం!" బాపు అరిచాడు.

"బావా, ఎద్దు కాదది, మార్కుల మెమో!"

చివరికి బాపు పళ్లతో విప్పాడు. సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కొంచెం యూరియా వాసనతో.

లోపల ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు మేడం. బీయెస్సీ అయ్యాక ఫార్మసీ ఎందుకని ఇంగ్లీషులో అడిగింది. నేను బట్టీపట్టిన జవాబులో "ఐ వాంట్" వరకు వచ్చింది, తర్వాతది ముద్‌ఖేడ్‌లో దిగిపోయింది. ఇక మరాఠీలో ఉన్నదే చెప్పాను: మా ఊళ్లో మందుల దుకాణం లేదు. తలనొప్పి గోలీకి కిన్‌వట్ బండెక్కాలి. బండి వచ్చేలోపు తలనొప్పే వెళ్లిపోతుంది.

ముగ్గురూ నవ్వారు. తర్వాత మేడం, చెంచా అంటే ఎంత అని అడిగింది. అయిదు అన్నాను. ఆగలేక, కానీ ఒక్కో ఇంట్లో చెంచా ఒక్కోలా ఉంటుంది, మందుకు వేరే చెంచా ఎవరూ కొనరు అని కూడా అన్నాను.

"మరి నువ్వేం చేస్తావు?"

భోకర్‌లో మామ చేసేది చెప్పాను. కాగితం పట్టీ మడిచి, అంచున సమానంగా గంట్లు కత్తిరించి సీసాకు అంటిస్తాడు. పూటకు ఒక గంటు. చదువు రాకపోయినా, చెంచా లేకపోయినా సరే. మేడం కత్తెర ఇచ్చి చేసి చూపించమంది. చేశాను. పక్కాయన దాన్ని తన నీళ్ల సీసాకు ఆనించి, ఒక గంటు మేర నీళ్లు తాగి, "బరోబర్" అన్నాడు.

పదకొండున్నరకు నా చేతికి రసీదు వచ్చింది. మామ వరండాలోనే ఏడ్చాడు, కంట్లో బొగ్గు పడిందన్నాడు. ఆ కాలేజీ చుట్టుపక్కల బొగ్గు లేదు.

మధ్యాహ్నం మూడున్నర బండి ఎక్కాం. మామ భోకర్‌లో దిగిపోయాడు. ఇది రాస్తుంటే హిమాయత్‌నగర్ దాటింది, పెన్ను గెంతుతోంది. ఈ ప్రయాణం గురించి ఒక్క మాటలో చెప్పాలంటే: కాలేజీని ఎంచుకునేటప్పుడు బల్లల మీది మచ్చలు చూడండి, చేతిలోని కాగితాలు చూసుకోండి, వెంట ఎడ్లు కొనేవాళ్లనెవరినైనా తీసుకెళ్లండి.

రేపు పోస్టాఫీసుకు వెళ్లి ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

బోధన్‌లో అక్క. ఇంటి ఎదుటి కిరాణా దుకాణానికి చేసి పిలిపించాలి. ట్రంక్ కాల్ కాబట్టి, తను ఏడుపు మొదలుపెట్టేలోపే విషయం చెప్పేయాలి.

కిన్‌వట్ కాలేజీ కెమిస్ట్రీ సారు.

హిమాయత్‌నగర్‌లో నా స్నేహితురాలు సునంద. పక్కనున్న హోటల్ నంబరు. సునందకని చెప్పకుండా వాళ్ల నాన్నకని చెప్పాలి, లేకపోతే హోటలంతా వింటుంది.

భోకర్ డాక్టరు గారు. మామ రెండు రోజుల సెలవుకు మా నాయనమ్మకు సీరియస్ అని చెప్పాడట. నాయనమ్మకు తగ్గిందని ముందు చెప్పి, తర్వాత సీటు సంగతి.

చివరిది బాపు ఇప్పుడే రాయించాడు. "నాకు గూడ ఒక ఫోను కలుపు బిడ్డా."

"ఎవలకు బాపూ?"

ఫోన్ ఉన్నవాళ్లు ఆయనకు ఎవరూ తెలియదు. "ఎవలకైనా సరే. నేను ఒక్కసారి నా నోటితోని జెప్పాలె."

బాపు తరఫున: ఎవరైనా సరే.