బిడ్డా అని పిలిస్తే

మా నల్గొండ వైపు బిడ్డ అంటే కూతురు. కొడుకులెందరు, బిడ్డలెందరు అని అడుగుతారు. మా ఇంట్లో ఇద్దరు అన్నలు, బిడ్డను నేనొక్కదాన్నే. కాబట్టి అమ్మ నోట్లో ఆ మాట నా సొంతమని పదహారేళ్లు హాయిగా అనుకున్నాను.

ఎల్బీనగర్‌లో మా గల్లీ సగం నల్గొండ పల్లెలది, సగం గుంటూరు, కృష్ణా వాళ్లది. అందరం విజయవాడ రోడ్డు పట్టుకుని వచ్చినవాళ్లమే. మేం ఏంది అంటే వాళ్లు ఏంటి అనేవాళ్లు. మేం ఆనిగెపుకాయ అంటే వాళ్లు సొరకాయ అని నవ్వేవాళ్లు. దసరాకు వాళ్లింట్లో బొమ్మల కొలువు, మా వాకిట్లో బతుకమ్మ. వెనక గల్లీ మసీదులో అజాన్ వినిపిస్తే మాత్రం రెండు రకాల ఇళ్లలోనూ టీవీ సౌండు తగ్గేది.

గోడ అవతల గుంటూరు వాళ్లమ్మాయి ఉండేది. నా ఈడుదే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరం ఒకే కోచింగ్‌కు వెళ్లేవాళ్లం. నేను "సార్, ఇది ఎట్ల చెయ్యాలె?" అంటే క్లాసంతా కిసకిసలు. అదే ప్రశ్న ఆ మహాతల్లి "ఎలా చేయాలండీ?" అంటే సారు మురిసిపోయి బోర్డు నిండా రాసేవాడు. ఒళ్లు మండిపోయేది నాకు.

అంతలో ఉద్యమం ఊపందుకుంది. మా మాటకు, మా పండక్కు ఎక్కడలేని విలువ వచ్చింది. ఆ ఏడు బతుకమ్మ వాకిట్లో కాదు, చౌరస్తాలోనే ఆడాలన్నారు. ఇక నా వంతు అనుకున్నాను. తీరా కోచింగ్ నుంచి వచ్చి చూస్తే ఏముంది! నాన్న తుర్కయంజాల్ పొలాల నుంచి తెచ్చిన గునుగుపూలు ముందేసుకుని, అమ్మ పక్కన ఆ పిల్ల కూర్చుని ఉంది.

"ఇలా పేర్చాలా ఆంటీ?"

"గట్ల కాదు బిడ్డా, జర దగ్గరగ పెట్టు."

బిడ్డా! చెప్పొద్దూ, ఆ బతుకమ్మ పళ్లెం ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. పైగా దానికి సంగీతం వచ్చు. వారం తిరక్కుండా మా పాటలన్నీ పట్టేసింది.

గల్లీలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ అమ్మే. తీరా ఆడే రోజుకు ఆమె గొంతు బొంగురుపోయింది. చౌరస్తాలో ఆడవాళ్లందరి మధ్యా నిలబడి, "ఇయ్యాల నా బిడ్డ ఎత్తుకుంటది పాట" అంది. నేను చున్నీ నడుముకు చుట్టి, ఒక్క అడుగు ముందుకేశాను. అప్పటికే ఆ పిల్ల మొదలుపెట్టేసింది. అమ్మ కాదనలేదు. నవ్వుతూ చప్పట్లు కొట్టింది. నేను చున్నీ విప్పేసి వెనక్కి జరిగాను.

తిరిగొస్తూ దాన్ని పక్కకు లాగాను. "బిడ్డ అంటే ఏందో ఎర్కనా నీకు? కన్న కూతురు. మా అమ్మ పిలిచింది నన్ను, నిన్ను కాదు."

దాని మొహం తెల్లబోయింది. "మా వైపు చంటిపిల్లల్ని అంటారు. ఆంటీ నన్ను ముద్దుకి అలా పిలుస్తున్నారేమో అనుకున్నా. సారీ."

కడుపు చల్లబడింది నాకు.

తెల్లారి అమ్మ గిన్నెలో రొట్టె, బెల్లం కలిపిన మలీద పెట్టుకుని గోడ దగ్గర నిలబడి, "బిడ్డా, ఇటు రా!" అని పిలిచింది. అవతల బట్టలారేస్తున్న ఆ పిల్ల తల తిప్పలేదు. నా వైపు మాత్రం చూసి, "మీ అమ్మగారు నిన్ను పిలుస్తున్నారు" అని లోపలికి వెళ్లిపోయింది.

"నేను పిలిచింది నిన్ను కాదే, ఆ పిల్లను" అంది అమ్మ. గిన్నె పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. "ఎందుకు పలుకుతలేదే? నేనేమన్న అన్ననా?"

నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

రాష్ట్రం వచ్చింది. వాళ్లు బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లారు. అమ్మ మాత్రం ప్రతి బతుకమ్మకూ "ఆ బిడ్డ ఎట్లున్నదో" అంటుంది, నాకు ఇంకా మండుతుంది. ఇక నన్నే బిడ్డా అని పిలిచినప్పుడు, ముందు గోడ అవతలికి చూసి, ఆ తర్వాత పలుకుతాను.